అనంతపురం నుంచి అంతర్జాతీయ వయొలిన్ పోటీకి: రూల్స్ చదవడం మొదలు వీడియో పంపేదాకా

మా పాపకు పదేళ్లప్పుడు ఒక రాత్రి నన్ను నిద్ర లేపి మరీ అడిగింది, "నాయనా, నేను గూడా ఆడికి పోయి వాయించొచ్చా?" అని. చేతిలో ఫోను, ఫోన్లో 2018లో ఎడిన్‌బరోలో జరిగిన యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్ అనే సంగీత పోటీ ఫైనల్. నిద్రమత్తులో "ఎందుకు పోగూడదు, పోవచ్చు" అనేశాను. రూల్స్ చదివింది మాత్రం ఆరు నెలల తర్వాత. అప్పటికే అది స్కూల్లో అందరికీ చెప్పుకుని తిరుగుతోంది.

ఆ పోటీకి మన పిల్లలు పోలేరు. తర్వాత వేరే పోటీలకు రెండుసార్లు వీడియో పంపాం, రెండుసార్లూ పిలుపు రాలేదు. కాబట్టి ఇది గెలిచినవాళ్లు రాసే గైడు కాదని ముందే చెబుతున్నా. అనంతపురంలో ఉంటూ పాశ్చాత్య వయొలిన్ నేర్చుకునే పిల్లను అలాంటి పోటీ గుమ్మం దాకా తీసుకెళ్లాలంటే ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, మేం వరస తప్పి ఎక్కడెక్కడ డబ్బూ కాలమూ పోగొట్టుకున్నాం అన్నదే ఇక్కడ రాస్తున్నా. పియానో, ఫ్లూట్ పిల్లల తల్లిదండ్రులకూ చాలావరకు పనికొస్తుంది.

1. ముందు రూల్స్, తర్వాతే పిల్లలకు మాటివ్వడం

యూరోవిజన్ యంగ్ మ్యుజీషియన్స్ 1982లో మాంచెస్టర్‌లో మొదలైంది. సాధారణంగా రెండేళ్లకోసారి జరుగుతుంది, 2020లో కోవిడ్ వల్ల జరగలేదు. నడిపేది యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్. ఒక్కో దేశపు టీవీ సంస్థ తన తరఫున ఒక్కరిని పంపుతుంది, వాళ్లు ఆ దేశపు పౌరులో, అక్కడ నివాసముంటున్నవాళ్లో అయ్యుండాలి. ఆ వరసలో మన దేశం లేదు. అంతే, దానికి ఏ సిఫారసూ పనిచేయదు. అయినా ఆ ఫైనల్స్ పిల్లలతో కూర్చుని చూడమనే చెబుతా. 1988లో గెలిచిన జూలియన్ రఖ్లిన్, 1996లో పన్నెండు పదమూడేళ్ల వయసులో గెలిచిన యూలియా ఫిషర్ తర్వాత ప్రపంచమంతా తిరిగి వాయించే కళాకారులయ్యారు. దాదాపు సగం సార్లు గెలిచింది వయొలినే గానీ 2008లో క్లారినెట్, 2010లో ఫ్లూట్, 2012లో వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్దది), 2016లో శాక్సఫోన్ కూడా గెలిచాయి. "వయొలిన్, పియానో తప్ప ఇంకేవీ పనికిరావు" అని ఎవరైనా అంటే ఈ నాలుగు సంవత్సరాలూ చూపించండి.

మరి మనకు తలుపు తెరిచుండేవి ఏవి? మాస్కోలో 2000 నుంచి ఏటా జరిగే షెల్కున్‌చిక్ ఒకటి. ఆ మాటకు ఇంగ్లిష్‌లో నట్‌క్రాకర్ అంటారు. అక్కడి కల్చర్ టీవీ ఛానెల్ నడుపుతుంది, పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు. పియానో ఒక విభాగం, తీగల వాయిద్యాలు ఇంకొకటి, ఊదేవీ తాళవాద్యాలూ కలిపి మూడోది. ముందు రికార్డింగులు చూసి ఎంపిక చేస్తారు, ఫైనల్లో ఆర్కెస్ట్రాతో వాయించాలి, అది టీవీలో వస్తుంది. గెలిచినవాళ్లకు బంగారు, వెండి, కంచు నట్‌క్రాకర్ బొమ్మలిస్తారు. (మా పాపకు ఆ బొమ్మ మీదే కన్ను, సంగీతం తర్వాత.) ఇంకొకటి, వయొలిన్‌కు మాత్రమే, వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ 1983లో మొదలుపెట్టిన మెనూహిన్ పోటీ. ఏ దేశం వాళ్లయినా 22 ఏళ్ల లోపుంటే చాలు, జూనియర్ విభాగానికి 16 లోపు. ఒక్కోసారి ఒక్కో నగరంలో పెడుతూ వచ్చారు, 2021లో అమెరికాలోని రిచ్‌మండ్‌ది కోవిడ్ వల్ల మొత్తం ఆన్‌లైన్లోనే జరిపారు.

ఏ పోటీ అయినా సరే, ఒక నోట్‌బుక్ తీసి దాని రూల్స్ చేత్తో రాసుకోండి. జాతీయత నిబంధన ఉందా. వయసు ఏ తేదీకి లెక్క. వీడియో ఎన్ని నిమిషాలు, ఎప్పటి తర్వాత తీసిందై ఉండాలి. పియానో సహకారం తప్పనిసరా. ఎంపికైతే ప్రయాణం ఖర్చు ఎవరిది, బస ఎవరిది, పిల్లతోపాటు వచ్చే పెద్దవాళ్ల ఖర్చు ఎవరిది. రూల్స్ ఏటా మారుతుంటాయి, పోయినేడు చదివింది ఈ ఏడు పనికిరాదు.

వయసు లెక్క దగ్గరే మేం బోల్తా పడ్డాం. మా పాపది నవంబరు పుట్టుక. అప్లికేషన్ పంపే రోజుకు వయసు సరిపోతుందిలే అనుకుని ఒక పోటీకి ఐదు నెలలు సాధన చేయించాను. వాళ్లు లెక్కపెట్టేది పోటీ మొదలయ్యే రోజుకని తర్వాత చూశాం. పదకొండు రోజుల తేడాతో పోయింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

2. వాయిద్యం సైజు, మన ఎండ

వయొలిన్ 1/16 నుంచి 1/8, 1/4, 1/2, 3/4 మీదుగా ఫుల్ సైజు 4/4 దాకా వస్తుంది. పిల్లకు భుజం మీద పెట్టి, ఎడమ చేయి చాపమనండి. మోచేయి కొంచెం వంగి ఉండగానే చివరి చుట్ట అరచేతిలో ఇమిడితే అది సరైన సైజు. మాకు అమ్మినాయన "పెరిగే పిల్ల కదా సార్, చొక్కా మాదిరి కొంచెం పెద్దదే తీసుకోండి" అని ఎనిమిదేళ్ల పిల్లకు ఫుల్ సైజు అంటగట్టాడు. మేమూ తలూపాం. ఏడాది తిరిగేసరికి చిటికెన వేలు వంకరగా పడటం అలవాటైంది, మెడనొప్పి సరేసరి. ఆ వేలు దారికి రావడానికి ఇంకో ఏడాది పట్టింది. అద్దెకు దొరికితే చిన్న సైజులు అద్దెకే తీసుకోండి, ఎలాగూ ఏడాదికో రెండేళ్లకో మార్చాల్సిందే.

ఇక మన ఎండ. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మనదొకటని చిన్నప్పటి నుంచీ వింటున్నాం గానీ, అది చెక్క పెట్టెకు ఏం చేస్తుందో నాకు వయొలిన్ కొన్నాకే తెలిసింది. గాలిలో తేమ తగ్గితే చెక్క కుంచించుకుపోతుంది, బిరడాలు జారి శ్రుతి నిలవదు, పైపలక పక్కకు అతుక్కున్న చోట విడిపోతుంది. అతికేది జంతువుల చర్మం నుంచి తీసే జిగురుతో, వేడికి అది మెత్తబడుతుంది. మే నెలలో తాడిపత్రిలో పెళ్లికి పోయి, రెండు గంటలే కదా అని వయొలిన్ కార్లో వదిలేశాను. వచ్చి చూస్తే కమానుకు రాసే రోజిన్ బిళ్ల కరిగి కేసులోని మఖమల్ మీద బెల్లం పాకం మాదిరి పారింది, పైపలక అంచు దగ్గర గోరు దూరేంత సందు. అలా జరిగితే ఫెవిక్విక్ మాత్రం తేవొద్దు, దండం పెడతా. బెంగళూరులో వయొలిన్లు బాగుచేసేవాళ్లున్నారు, వాళ్లు పాత పద్ధతి జిగురుతోనే అతికిస్తారు, ఎందుకంటే రేపు మళ్లీ విప్పాల్సొస్తే చెక్క చీలకుండా ఊడిరావాలి.

గాలిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే వాయిద్యం హాయిగా ఉంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్లో దొరుకుతుంది, కేసులో పెట్టుకోండి. ప్లాస్టిక్ సబ్బుపెట్టెకు చిల్లులు పొడిచి, తడిపి గట్టిగా పిండిన స్పాంజి ముక్క అందులో పెట్టి, కేసులో చుట్ట ఉండే వైపు ఉంచితే చాలు. నీళ్లు కారకూడదు సుమా. కూలర్ ఎదురుగా కూర్చోబెట్టి సాధన చేయించొద్దు, తేమ ఒక్కసారిగా పెరిగి తగ్గితే ఎండకన్నా అదే చేటు.

3. గురువు, ఆదివారం రైలు, కర్ణాటక సంగీతం సంగతి

మన ఊళ్లో వయొలిన్ అంటే కర్ణాటక వయొలినే, దాంట్లో మంచి గురువులున్నారు. మా పాప మొదలుపెట్టింది కూడా అక్కడే, సరళీ స్వరాలతో. కానీ రెంటికీ తేడా చాలా ఉంది. కర్ణాటకంలో కింద కూర్చుని చుట్టను పాదం దగ్గర ఆనిస్తాం, తీగలు స ప స ప అని శ్రుతి చేసుకుంటాం, గమకానికి చేయి జారుతూ ఉంటుంది. పాశ్చాత్యంలో నిలబడి, వయొలిన్‌ను దవడకూ భుజానికీ మధ్య నిలబెట్టి, జి డి ఎ ఇ శ్రుతిలో, ప్రతి స్వరం మీదా వేలు సూటిగా దిగాలి. ఒకదాంట్లో మంచి అలవాటు ఇంకోదాంట్లో దోషమవుతుంది. మా పాప మొజార్ట్ వాయిస్తుంటే రెండు స్వరాల మధ్య చిన్న జారుడు వినబడేది, బెంగళూరు టీచరమ్మ నవ్వి "ఇది మోహన రాగం కాదమ్మా" అనేది. అలాగని కర్ణాటకం మాన్పించనక్కర్లేదు. చెవి తయారయ్యేది అక్కడే, శ్రుతి తప్పితే ముందు ముఖం చిట్లించేది ఆ పిల్లలే.

పాశ్చాత్య వయొలిన్‌కు కర్నూలు వాళ్లు హైదరాబాద్, కడప వాళ్లు చెన్నై, మనం బెంగళూరు పోవాల్సిందే. రెండువందల కిలోమీటర్ల పైమాటే. మేం చేసేది ఇదీ: రెండు వారాలకో ఆదివారం రైల్లో పోయి రావడం, మధ్యలో వారానికోసారి ఆన్‌లైన్ క్లాసు. ఆన్‌లైన్ క్లాసులో జూమ్ సెట్టింగుల్లోకి పోయి 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. అది చేయకపోతే యాప్ వయొలిన్ శబ్దాన్ని రొద అనుకుని మింగేస్తుంది. పొడుగ్గా లాగిన స్వరం సగంలో మాయమవుతుంటే బో (కమాను) సరిగా పట్టలేదని టీచరు, పట్టానని పిల్ల, ఇద్దరూ మూడు నెలలు వాదించుకున్నారు మా ఇంట్లో.

పాశ్చాత్య సంగీతానికి లండన్ సంస్థలు ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే పరీక్షల్లో గ్రేడ్లు ఎనిమిది. ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఐదు దాటి పోవాలంటే ఐదో గ్రేడు థియరీ పాసై ఉండాలన్నది రూలు, దాన్ని ముందే తెమల్చుకోండి. నా లెక్కలో ఎనిమిదో గ్రేడు సులువుగా వాయించగలిగిన పిల్లే ఇలాంటి పోటీకి వీడియో పంపాలి. ఐదో గ్రేడులో డిస్టింక్షన్ వచ్చింది కదా అని పంపడం దండగ, మా మొదటిసారి అదే.

4. ఏం వాయించాలి

ఇక్కడ తల్లిదండ్రుల మాట కంటే టీచరు మాటే వినాలి, నేను విననందుకు చెబుతున్నా. చూసేవాళ్లు ఆశ్చర్యపోవాలని వేగంగా పరుగెత్తే రచన ఎంచుకుంటాం. జడ్జీలు ఆ పరుగు రోజంతా వింటూనే ఉంటారు. వాళ్ల చెవి పడేది నిదానంగా సాగే చోట శ్రుతి నిలిచిందా, బో దిశ మారినప్పుడు శబ్దం తెగిందా అన్న దాని మీద.

మామూలుగా ఒకదానికొకటి పోలిక లేని రెండు మూడు రచనలు కావాలి. ఒకటి బాఖ్ ఒంటరి వయొలిన్‌కు రాసిన సొనాటాలు, పార్టీటాల నుంచి ఒక భాగం. ఒకటి కాన్సెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) నుంచి, పన్నెండు పద్నాలుగేళ్ల పిల్లలకు మొజార్ట్ 1775లో రాసిన జి మేజర్ మూడో కాన్సెర్టో బాగా కుదురుతుంది. ఇంకొకటి క్రైస్లర్‌దో వీన్యావ్‌స్కీదో చిన్న ముక్క. పిల్ల కచేరీకి సిద్ధమయ్యాక ఇంకో నాలుగు నెలలు అదే వాయించగలిగే రచన తీసుకోండి, ఈ ఏడు కొత్తగా మొదలుపెట్టింది వద్దు. కాపీరైట్ ముగిసిన వాటి స్వరలిపి ఐఎంఎస్‌ఎల్‌పీ సైట్లో ఉచితంగా దొరుకుతుంది, కానీ అక్కడి పాత ముద్రణల్లో ఎడిటర్లు తమకు తోచిన బో గుర్తులు వేసి ఉంటారు. బాఖ్‌కు మాత్రం డబ్బు పెట్టి అసలు ప్రతిని అనుసరించే ఎడిషనే కొనండి.

5. పియానో తోడు

వీడియోలో ఆర్కెస్ట్రా ఉండదు కాబట్టి కాన్సెర్టోకు దాని బదులు పియానో తోడు కావాలి. మన చర్చిల్లో కీబోర్డు బ్రహ్మాండంగా వాయించే అన్నలున్నారు, ఒకాయన్ని నేనే బతిమాలాను. పాపం ఆయన విని కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) పట్టేస్తాడు గానీ స్టాఫ్ నొటేషన్, అంటే పాశ్చాత్య స్వరలిపి, చదవడు, మొజార్ట్‌లో అది కుదరదు. ట్రాక్ పెట్టి వాయించడం చాలా పోటీల్లో ఒప్పుకోరు. చివరికి బెంగళూరులో పియానిస్టును రెండు రిహార్సల్స్‌కూ ఒక రికార్డింగ్‌కూ మాట్లాడుకున్నాం. తోడు అవసరమైనవన్నీ అక్కడే ఒక్కరోజులో తీసేసి, బాఖ్ మాత్రం ఇంట్లో తీయడం మంచిది, స్టూడియో అద్దె సగానికి తగ్గుతుంది. వీడియోలన్నీ ఒకే చోట తీయాలనే నిబంధన లేకుంటేనే సుమా.

6. వీడియో

అసలు పని ఇదే. అనంతపురం నుంచి జడ్జీల దాకా పోయేది పిల్ల కాదు, ఈ పది పన్నెండు నిమిషాలే.

చాలా పోటీల నిబంధనలు ఒకేలా ఉంటాయి. ఒక రచన మొదటి నుంచి చివరిదాకా ఒకే టేకు, మధ్యలో కోతలు ఉండకూడదు. కెమెరా కదలకూడదు. ముఖం, రెండు చేతులు, వాయిద్యం మొత్తం కనబడాలి. ఎకో, రివర్బ్ లాంటివి కలపకూడదు.

గది: మన ఇళ్లు కాంక్రీటు మిద్దె, కింద టైల్స్, గోడలకు నున్నటి పెయింటు, వయొలిన్ వాయిస్తే స్నానాల గదిలో వాయించినట్టు మోగుతుంది. కల్యాణ మంటపం ఇంకా ఘోరం. మేం పడకగది ఎంచుకుని, మంచం మీద పరుపు అలాగే ఉంచి, ఎదురు గోడకు రెండు బొంతలు వేలాడదీశాం, బీరువా తలుపులు తెరిచి చీరలు కనబడేలా వదిలేశాం (కెమెరా వెనక వైపు లెండి). గది మరీ మొద్దుబారినా బాగుండదు, కాస్త ఊపిరి ఉండాలి. చప్పట్లు కొట్టి చూడండి. టంగుమని మోగితే ఇంకో బొంత వేయండి, చప్పుడు చచ్చిపోతే ఒకటి తీసేయండి.

మైకు: ఫోను తనంతట తానే శబ్దాన్ని పెంచి తగ్గిస్తుంది. మెల్లగా వాయించినా గట్టిగా వాయించినా ఒకేలా వినబడుతుంది, పిల్ల పడ్డ కష్టమంతా చదునైపోతుంది. యూఎస్‌బీ మైకో చిన్న రికార్డరో అరువు తెచ్చుకోండి. వయొలిన్‌కు ఆరేడు అడుగుల దూరంలో, పిల్ల తలకన్నా కొంచెం ఎత్తులో పెట్టి, గట్టిగా వాయించే చోట కూడా మీటరు ఎర్రగీత తాకకుండా చూసుకోండి. శబ్దం వేరే రికార్డ్ చేసి వీడియోకు కలపొచ్చా లేదా అన్నది రూల్స్‌లో చూడాలి, ఒప్పుకోకపోతే మైకును ఫోనుకే తగిలించాలి.

సమయం: ఫ్యాను ఆపాలి, కూలర్ ఆపాలి, ఏసీ ఉంటే అదీ ఆపాలి. అంటే మార్చి నుంచి జూన్ దాకా పగటిపూట వీడియో మాట మరచిపోండి. డిసెంబరు, జనవరిలో తీయండి, అదీ ఉదయం. మా వీధిలో ఐదుకు అజా, ఐదున్నరకు గుడి మైకు, ఆరు దాటితే బోరు మోటార్లు, ఎనిమిదికి కుక్కర్ కూతలు. ఒక వారం కాగితం మీద గంట గంటకూ వీధి చప్పుళ్లు రాసుకుంటే మాకు దొరికిన నిశ్శబ్దం పదిన్నర నుంచి పన్నెండు దాకా. సరే అని ఒక మంగళవారం కూర్చున్నాం. బాఖ్ ఇ మేజర్ పార్టీటాలో గవోట్ అనే భాగం, తొమ్మిదో టేకు. అంతకు ముందెప్పుడూ అంత బాగా వాయించలేదది, నేను ఊపిరి బిగబట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇంకో పది సెకన్లలో అయిపోతుందనగా వీధి మలుపులో ఆటో మైకు, "ఎర్రగడ్డలూ, వంద రూపాయలకు నాలుగు కిలోలూ..." పిల్ల ఆపకుండా చివరి స్వరం దాకా వాయించి, బో దించి, నా వైపు చూసి, "నాయనా, ఎర్రగడ్డలు తెచ్చుకోపో" అనింది. ఆ టేకు ఇప్పటికీ ఉంది, పంపలేదంతే. రెండోసారి వీధి చివర మా తమ్ముణ్ణి కాపలా పెట్టాను, బండ్లవాళ్లను బతిమాలి పక్క వీధికి పంపడమే వాడి పని.

రోజుకు ఐదారు టేకులు మించొద్దు. పదో టేకుకు వేళ్లలో కాదు, ముఖంలో అలసట కనబడుతుంది. రెండు ఆదివారాలు కేటాయించుకుని, మొదటి ఆదివారానివి టీచరుకు పంపి, ఆమె చెప్పింది దిద్దుకుని రెండో ఆదివారం తీయండి. మంచి టేకు ఎంచేటప్పుడు ముందు కళ్లు మూసుకుని వినండి, తర్వాత శబ్దం ఆపేసి చూడండి.

బట్టల గురించి ఒక్క మాట. పట్టు లంగా ముచ్చటగా ఉంటుంది గానీ జరీ అంచు వయొలిన్ వెనక పలకను గీకుతుంది. గాజులు తీసేయండి, అవి టేకంతా గలగలమంటాయి.

7. అప్లికేషన్, కాగితాలు

పేరు దగ్గర జాగ్రత్త. మనకు ఇంటిపేరు మొదటి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో ఒకలా, జనన ధ్రువపత్రంలో ఒకలా, స్కూల్లో ఇంకోలా. పాస్‌పోర్టులో ఎలా ఉంటుందో అప్లికేషన్లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. అందుకే పాస్‌పోర్టు ముందే తీసుకోమంటాను. పద్దెనిమిది లోపు పిల్లలకు ఫీజు వెయ్యి రూపాయలు, అమ్మానాన్నలిద్దరూ సంతకాలు చేసిన అంగీకార పత్రం కావాలి, సాధారణంగా ఐదేళ్లకు ఇస్తారు.

వీడియోను యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు 'అన్‌లిస్టెడ్' అని ఎంచుకోండి. 'ప్రైవేట్' అని పెడితే జడ్జీలకు తెరుచుకోదు. మీ ఫోన్లో తెరుచుకుందని సంబరపడొద్దు, అది మీ అకౌంటు కాబట్టి తెరుచుకుంటుంది, పక్కింటివాళ్ల ఫోన్లో నొక్కి చూడండి. ఆఖరి రోజు దాకా ఆగొద్దు. మాస్కో మనకన్నా రెండున్నర గంటలు వెనక, పశ్చిమ యూరప్ వేసవిలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఏ ఊరి టైమో చూసుకుని గోడ మీద మన టైములో రాసి అతికించండి.

8. పిలుపొస్తే

బెంగళూరులో మా టీచరమ్మ దగ్గరే నేర్చుకునే ఒక అబ్బాయికి ఒక పోటీ నుంచి పిలుపొచ్చింది, వాళ్లు పడ్డ హడావుడి దగ్గరుండి చూశాను. వయొలిన్ కేసు విమానంలో చేతి సామాను కొలతకన్నా పొడుగు. చాలా విమాన సంస్థలు లోపలికి రానిస్తాయి గానీ ముందే మెయిల్ రాసి, వచ్చిన జవాబు ప్రింటు తీసి దగ్గర పెట్టుకోవాలి, కౌంటర్ దగ్గర నోటిమాట చెల్లదు. పాత బోలకు కొనమీద ఏనుగు దంతం ముక్క ఉంటే దేశం దాటించడం పెద్ద తలనొప్పి, అలాంటిది ఇంట్లోనే వదిలేయండి. తల్లిదండ్రుల్లో ఒకరే వెంట పోతుంటే రెండోవాళ్ల అంగీకార పత్రం నోటరీ చేయించుకోండి. మనకో సుఖం ఏమిటంటే బెంగళూరు విమానాశ్రయం దేవనహళ్లిలో ఉంది, ఊళ్లోకి పోయి ట్రాఫిక్‌లో చిక్కుకునే పనిలేకుండా హైవే మీద నేరుగా దిగిపోవచ్చు.

అక్కడ ఆర్కెస్ట్రాతో వాయించాలంటే శ్రుతి తేడా వస్తుంది. మన ట్యూనర్ యాప్‌లో 'ఎ' స్వరం 440 హెర్ట్జ్ ఉంటుంది, యూరప్‌లో చాలా ఆర్కెస్ట్రాలు 442, 443కు శ్రుతి చేస్తాయి. ఆ అబ్బాయి నెల ముందు నుంచే యాప్‌ను 442కు మార్చుకుని సాధన చేశాడు. ఆర్కెస్ట్రా అనుభవం కోసం వాళ్ల నాన్న పెద్ద స్పీకర్‌లో కాన్సెర్టో ఆర్కెస్ట్రా ట్రాక్ పెట్టి, సాయంత్రం మిద్దె మీద నిలబెట్టి వాయించేవాడు. చుట్టుపక్కల మిద్దెల మీదికి జనం వచ్చి కూర్చునేవాళ్లు, పిల్లలు అరిచేవాళ్లు, కుక్కలు మొరిగేవి, వాడు ఆపకుండా వాయించాలి. మేం మొన్నటి నుంచి మా మిద్దె మీద కూడా అదే మొదలుపెట్టాం.